యమున చేసిన షిరాజ్

12 నవంబర్ 2009, గురువారం

ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి కూర్చున్నాను. నేను బొగ్గు గనిలో మైనింగ్ సర్దార్‌ని. పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, కింద మనుషులు పనిచేయొచ్చో లేదో రిపోర్టు రాయడం నా డ్యూటీ. ఇరవై ఆరేళ్లుగా రాస్తున్నాను. ఇది మాత్రం ఎవరికీ ఇచ్చే రిపోర్టు కాదు.

భావ్య ఫోన్ చేసింది. నాసిక్‌లో మా బిడ్డ యమునతో కలిసి వైన్ కంపెనీలో పనిచేసిన అమ్మాయి. మంథని వాళ్లు. యమున పోయి రెండేళ్ల మూడు నెలలైంది. డెంగీ జ్వరం. మేం దవాఖానకు చేరేసరికి అయిపోయింది. ఇరవై మూడేళ్లు.

2007లో యమున దగ్గరుండి కోయించిన షిరాజ్ ద్రాక్ష ఇన్నాళ్లూ పీపాల్లో, సీసాల్లో మగ్గి ఇప్పుడు అమ్మకానికి వచ్చిందట. సీసా మీద ఆ ఏడాది వేశారట. అది మొదటి నుంచీ యమున చేతుల మీదుగా నడిచిన వైన్ అని చెప్పింది. నేను సరే అని పెట్టేశాను.

నా భార్య మల్లక్కకు చెప్పలేదు.

13 నవంబర్

చెప్పాను. అన్నం పెడుతూ ఆగిపోయింది. "పిల్ల చేసింది దుకాణంల దొరుకుతదా?" అని అడిగింది. అంతే. తర్వాత ఆమె తినలేదు.

15 నవంబర్, ఆదివారం

పదిహేడేళ్ల తర్వాత వైన్స్ మెట్లు ఎక్కాను. చౌరస్తా దగ్గరిది. కౌంటర్లో కొమురెల్లి ఉన్నాడు, మా గని పాత కూలీ కొడుకు. షిరాజ్ కావాలన్నాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. నవ్వు ఆపుకుంటూ, "వైన్స్ అని బోర్డే గాని కాకా, వైన్ ఎవరు తాగుతరు ఈడ? బ్రాందీ ఉన్నది, బీరు ఉన్నది" అన్నాడు.

వెనక లైన్లో మా షిఫ్టు వాళ్లు ముగ్గురు. ముగ్గురూ నన్ను చూశారు.

19 నవంబర్

గని దీపాలు తీసుకునే లాంప్ రూం దగ్గర పైఅధికారి ఓవర్‌మన్ నా మొహానికి మరీ దగ్గరగా వచ్చి మాట్లాడాడు. వాసన చూస్తున్నాడని అర్థమైంది. నోరు బాగా తెరిచి జవాబిచ్చాను.

పక్క క్వార్టర్ సారవ్వ అయితే సూటిగా మల్లక్కనే అడిగిందట, మళ్లీ తాగుడు మొదలుపెట్టాడా అని. మల్లక్క బిందె ఎత్తుకుని లోపలికి వచ్చేసిందట. పదిహేడేళ్ల కింద ఈ ప్రశ్నకు ఆమె రోజూ అబద్ధం చెప్పేది.

3 డిసెంబర్

ఇది రాయాలి.

1992లో ఒక మధ్యాహ్నం, సారా తాగి యమున బడి గేటు ముందు పడిపోయాను. పిల్లలందరూ చుట్టూ చేరారు. మూడో తరగతి యమున పుస్తకాల సంచీ మెడలో వేసుకుని నా చేయి పట్టుకుంది. "లే బాపూ, ఇంటికి పోదాం" అంది. దారి పొడుగునా ఏడవలేదు. ఆ రోజుతో ఒట్టు పెట్టుకుని మానేశాను. ఆమె మాన్పించింది.

అందుకే 2005లో బీఎస్సీ మైక్రోబయాలజీ అయ్యాక వైన్ కంపెనీలో ఉద్యోగం అంటే నాకు తల తిరిగింది. సారాకూ దానికీ తేడా ఏంటని అరిచాను. "సారా కాదు బాపూ, నేను ద్రాక్షతోని పనిచేస్తున్న" అంది. గడప దాటితే మళ్లీ నాతో మాట్లాడొద్దన్నాను. దాటింది. నా బిడ్డ కదా.

2007 మార్చిలో ఒకసారి ఫోన్ చేసింది. మల్లక్క ఎత్తింది. కోత అయిపోయిందనీ, చాలా బాగా వచ్చిందనీ, ఫోన్ బాపుకు ఇవ్వమనీ అందట. మల్లక్క రిసీవర్ నా వైపు చాపింది. నేను చెప్పులు వేసుకుని పెరట్లోకి పోయాను. పెరట్లో పని ఏమీ లేదు. నల్లా దగ్గర నిలబడ్డాను. లోపల మల్లక్క, "బాపు డ్యూటీల ఉన్నడు బిడ్డా" అనడం వినిపించింది.

ఆగస్టులో పోయింది.

7 డిసెంబర్

బంద్. బస్సుల్లేవు. సీసా పట్టుకుని రావాల్సిన భావ్య ప్రయాణం ఆగిపోయింది. తెలంగాణ కావాలని అందరూ రోడ్ల మీదే ఉన్నారు. నేను ఇంట్లో ఉన్నాను.

26 డిసెంబర్, శనివారం

భావ్య వచ్చింది. చున్నీలో చుట్టిన సీసా తెచ్చింది. వాళ్ల నాన్న వామనరావు మాస్టారికి ఇప్పటికీ పళ్లరసం కంపెనీ అనే చెప్పిందట. బ్యాగులో ఈ సీసా పెట్టుకుని రెండు రోజులు మంథని ఇంట్లో గజగజలాడిందట. మల్లక్క చాలా రోజుల తర్వాత నవ్వింది.

నేను షిరాజ్ అంటే ఏమిటని అడిగాను. ప్రపంచమంతా ఇష్టపడే వైన్ ద్రాక్షల్లో అదొకటట. చిన్న పండు, నల్లటి మందపు తోలు. రంగంతా ఆ తోలులోనే ఉంటుందట. ఎండకు ఓర్చుకుంటుందట. యమునకు దాని మీద పిచ్చి అని చెప్పింది. "మా ఖని బొగ్గుబాయి మనిషి లెక్కనే, నల్లగ, గట్టిగ ఉంటది" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పేదట.

ఇంకోటి చెప్పింది. ఆ ఏడాది మబ్బులు పట్టాయి. వాన పడితే పంట కుళ్లిపోతుంది, వెంటనే కోసేయమని మేనేజర్ ఆర్డరు. యమున సాలు సాలూ తిరిగి పండ్లు కొరికి, గింజలు అరచేతిలోకి ఉమ్మి చూసింది. గింజ ఇంకా పచ్చిగా ఉంది, ఐదు రోజులు ఆగాల్సిందే అంది. పెద్ద గొడవ. వాన పడితే తన ఉద్యోగం తీసేయమంది. ఐదు రోజులూ తోటలోనే తిరిగింది. వాన పడలేదు.

ఆరో రోజు కోశారు. ఆ సాయంత్రమే మాకు ఫోన్ చేసిందట.

ఆ రోజు నేను నల్లా దగ్గర నిలబడ్డ సంగతి భావ్యకు తెలియదు. తెలియక చెప్పింది. మల్లక్క నా వైపు చూడలేదు. అది ఆమె దయ.

27 డిసెంబర్, ఆదివారం, మధ్యాహ్నం

తలుపు వేశాం. బిరడా తీసే సాధనం ఇంట్లో లేదు. స్క్రూ ఎక్కించి కటింగ్ ప్లేయర్‌తో లాగాను. సగం విరిగింది. మిగతాది మెల్లగా వచ్చింది.

స్టీలు గ్లాసులో పోశాను. చీకటి రంగు. అంచు దగ్గర మాత్రం ఎరుపు. గ్లాసు ఎత్తాను. నోటి దాకా తెచ్చాను. తాగాలనిపించలేదని రాస్తే అబద్ధం. బిడ్డ చేసింది. ఒక్క గుక్క. కానీ నా గుక్కలు ఎక్కడ ఆగుతాయో నాకు తెలుసు.

మల్లక్క గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. జీవితంలో కల్లు కూడా ముట్టని మనిషి. నా సారా సీసాలు బండకేసి పగలగొట్టిన మనిషి.

"నువ్వు ఒట్టు తప్పకు. నేను తాగి చెప్త" అంది.

మొదటి గుక్కకు మొహం ముడుచుకుపోయింది. వగరు అంది. కాసేపు ఆగింది. మళ్లీ తాగింది. నేను గని పైకప్పు దగ్గర నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

"సారా లెక్క గొంతు కోస్తలేదు. ఒకటెనుక ఒకటి వస్తున్నది. ముందుగాల నేరేడు పండు. నాలిక నల్లగయ్యిందా సూడు. ఎనుక మిరియం, మిరియాల చారు తాగినంక గొంతుల నిలుస్తది సూడు, గట్ల. ఇంకేదో పొగ వాసన ఉన్నది."

పేరేమిటని మళ్లీ అడిగింది. షిరాజ్ అన్నాను. "సిరాజా? సాయిబు పేరు లెక్కున్నది" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వు మధ్యలోనే ఆమె కొంగు కళ్లకు పెట్టుకుంది.

కొంగు దించి, "తీపి చెయ్యలే పిల్ల. తియ్యగ చేస్తే అందరు మెచ్చుకుందురు. చెయ్యలే" అంది.

మంచిగుందా అని అడిగాను. రెండేళ్లుగా అడగాల్సింది అదొక్కటే.

"మంచిగ చేసిందయ్యా. శాన మంచిగ చేసింది."

గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు.

29 డిసెంబర్

సారవ్వ ఖాళీ సీసా చూసి మళ్లీ అడిగిందట. మల్లక్క, "ఆయన కాదు, నేను తాగిన" అని చెప్పిందట.

21 ఫిబ్రవరి 2010, నాసిక్

భావ్య మమ్మల్ని యమున తిరిగిన షిరాజ్ సాలు దాకా తీసుకొచ్చింది. కోత నడుస్తోంది. మేనేజర్ ఒక గుత్తి తెంపి నా చేతిలో పెట్టాడు. మల్లక్క తినలేకపోయింది. నేను ఒక పండు తిన్నాను.

ఖట్టా హై క్యా, పుల్లగా ఉందా అని అడిగాడు, నీళ్లు నిండిన నా కళ్లు చూసి.

అవునని తలూపాను.

తేనెలా ఉంది.