బజారులో ఎగిరే జెండా

ఝుమ్కీ నాన్నగారికి,

మీ మర్జినా సలాములు. మేమంతా కులాసా అని మొదలుపెడదామని కూర్చున్నాను, చేయి రాయనివ్వడం లేదు. భయంగా ఉంది. కార్తీకం వచ్చిందంటే నాకు ఏటా ఇంతే. మీరేమో చేపలు ఎండబెట్టడానికి దుబ్లా దీవికి వెళ్తే ఫాల్గుణం దాకా రారు. ఇక్కడ గాలి కాస్త ఎదురు తిరిగితే చాలు, పొయ్యి మీద అన్నం సంగతి కూడా మరచి ఆకాశం చూస్తూ నిలబడిపోతాను. "అక్కడేమన్నా నీ మొగుడు కనిపిస్తున్నాడా?" అని అత్తమ్మ దెప్పుతుంది.

మొన్న బడిలో ఆడవాళ్ళకు మీటింగు పెట్టారు. ఢాకా నుంచి నిలూఫర్ ఆపా అనే ఆవిడ వచ్చింది. భద్రత అంటే ఇన్నాళ్ళూ సరిహద్దులు, సైన్యమే అనుకున్నారట. ఇప్పుడు దేశదేశాల పెద్దలు కూర్చునే సభల్లో మనిషి భద్రత అనే మాట వచ్చిందట. దేశం ఎంత క్షేమంగా ఉన్నా, అందులో మనిషి భయంతోనో ఆకలితోనో బతుకుతుంటే అది క్షేమం కాదంటున్నారట. అందుకని "మీకు దేనికి భయం?" అని ఒక్కొక్కరినీ అడిగింది. పక్కింటి కోహినూర్ చాచీ ఊరుకుంటుందా? "మా ఆయన గురకంటే భయం. ఆపడానికి సైన్యాన్ని పంపుతావా తల్లీ?" అంది. అందరం కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాం. నా వంతు వచ్చేసరికి నాకు నవ్వు పోయింది. "జెండా అంటే భయం" అన్నాను.

"జెండా ఏం చేసిందమ్మా?"

"తుఫాను జెండా బజారులో ఎగరేస్తారు ఆపా. మేం బజారుకు పోం. మగాళ్ళు చూసొచ్చి చెబితేనే మాకు తెలిసేది. వాళ్ళంతా సముద్రం మీదుంటే ఎవరు చెబుతారు? తెలిసినా, వాళ్ళ మాట లేకుండా గడప దాటేదెట్లా?"

ఆవిడ నా మాట పుస్తకంలో రాసుకుంది. ఈ మాట పెద్ద సభకు తీసుకెళ్తానంది.

మా అమ్మ ఆ పెద్ద తుఫానులో పోయిందని మీకు తెలుసు. ఎలా పోయిందో ఎప్పుడూ చెప్పలేదు. మూడు జెండాలూ ఎగిరాయి, ఇక ఊరు వదలాల్సిందేనని మా చాచా పరుగున వచ్చాడు. అమ్మ నన్ను ఆయన భుజాన ఎక్కించి, "మీ అన్న రమ్మనకుండా నేనెట్లా వచ్చేది?" అని వాకిట్లోనే ఆగిపోయింది. నాన్న పడవ మీద ఉన్నాడు. నీళ్ళు తీశాక తుమ్మకొమ్మల్లో, ముళ్ళకు జుట్టు చిక్కుకుని దొరికింది. "పిచ్చిది, నేను వద్దంటానా?" అని నాన్న బతికినన్నాళ్ళూ ఏడ్చాడు. ఆయన వద్దనడని తెలియకే మా అమ్మ చచ్చిపోయింది.

అందుకని మిమ్మల్ని ముందే అడుగుతున్నాను. "గాలి లేస్తే తుఫాను షెల్టర్‌కు వెళ్ళు" అని ఒక్క ముక్క రాయండి. అది దగ్గర పెట్టుకుంటే నాకు నిద్ర పడుతుంది.

మీ జవాబు కోసం రేవు వైపే చూస్తూ,
మర్జినా

* * *

ఝుమ్కీ నాన్నగారికి,

చేపల ట్రాలరు మీద మీ ఉత్తరం అందింది. "షెల్టర్‌లో ఆడా మగా ఒకే గదిలో పడుకుంటారు. నలుగురూ నన్నేమంటారు? గాలి లేస్తే నేనే వచ్చి తీసుకెళ్తాను. అప్పటిదాకా ఇల్లు కదలొద్దు" అని రాశారు. కోపం రాలేదండీ, భయమేసింది. సముద్రం లేచాక దుబ్లా నుంచి ఎలా వస్తారు? మీ షావుకారు చెప్పనిదే మీరు పడవ తాడు కూడా విప్పరు కదా.

షెల్టర్ అంటే నాకు మాత్రం భయం లేదా? చీకటి మెట్లు, తలుపు లేని మరుగుదొడ్డి, ఎవడి చేయి ఎటు నుంచి వస్తుందో తెలియదు. అయినా ఈసారి నేను ఆగను. మీకు చెప్పకుండా చేయడం ఇష్టం లేక రాస్తున్నాను. నా పాత ఎర్రచీర చింపి కోహినూర్ చాచీ, నేనూ మూడు జెండాలు కుట్టాం. ఆడవాళ్ళం నీళ్ళకు వెళ్ళే బోరింగు పక్కన వెదురు పాతాం. బజారులో ఎగిరితే ఇక్కడా ఎగరేస్తానని బడి మాస్టారు ఒప్పుకున్నారు.

నా మాట పెద్ద సభలో చదివారని, అందరూ రాసుకున్నారని నిలూఫర్ ఆపా కబురు పంపింది. "రాసుకున్నారుగా, ఇక తుఫాను సిగ్గుపడి రాదులే" అంది చాచీ.

మీరొచ్చాక నన్ను ఏలుకుంటారో, తలాక్ అంటారో నాకు తెలియదు. ఆ మాటంటే వణుకు పుడుతోంది. నీళ్ళంటే ఇంకా ఎక్కువ పుడుతోంది.

మీ మర్జినా

* * *

ఝుమ్కీ నాన్నగారికి,

దీన్ని ఎవరి చేతికివ్వాలో తెలియదు. దుబ్లా నుంచి ట్రాలర్లు రావడం లేదు.

బోరింగు దగ్గర మూడో జెండా లేచింది. అత్తమ్మ గడప మీద బైఠాయించింది. "నా కొడుకు రానీ" అంది. "వస్తే మిమ్మల్ని ఎక్కడ వెతకమంటారు అత్తమ్మా? షెల్టర్‌లోనా, తుమ్మచెట్టు మీదా?" అని అరిచాను. ఆవిడ మీద నేను అరవడం అదే మొదలు. నన్ను ఎగాదిగా చూసి, తన పెంపుడు బాతును చంకన పెట్టుకుని లేచింది. మా వెనకే వీధిలో ఆడవాళ్ళంతా బయలుదేరారు. షెల్టర్‌లో చీరలు కట్టి అడ్డం పెట్టుకున్నాం. బాతు అరుస్తుంటే ఝుమ్కీ నవ్వింది, నేను పిల్లను పట్టుకుని ఏడ్చాను.

ఇల్లు లేదు. మన వీధి మనుషులందరూ ఉన్నారు. ఇప్పుడు నా భయమంతా మీ గురించే. షావుకారు మాట కోసం ఆగిపోయి ఉంటారు. మీ సంగతి నాకు తెలుసు. నా మాట మీరు కాదన్నా, మీ మాట నేను దాటినా, ఒక్కసారి వచ్చి తిట్టండి.

మర్జినా

* * *

మర్జినాకు,

కెరామత్ రాస్తున్నాను. ఎడమ చేయి విరిగింది, ప్రాణం ఉంది. మంగ్లా ఆస్పత్రి వరండాలో ఉన్నాను.

రేడియోలో చెప్పగానే షావుకారు, "ముందు చేపలు కప్పండ్రా! నేను చెప్పేదాకా ఒక్కడూ కదలకూడదు" అన్నాడు. అందరం టార్పాలిన్ పట్టాలు పట్టుకుని వాడి మొహం చూస్తూ నిలబడ్డాం. గాలికి నిలబడలేకపోతున్నా చూస్తూనే ఉన్నాం. నీ ఉత్తరం నా జేబులో ఉంది. తాడు కూడా విప్పరన్నావు చూడు, ఆ మాటకు నీ మీద పీకల దాకా కోపంగా ఉన్నాను. ఆ కోపంతోనే వెళ్ళి తాడు విప్పాను. పడవను అడవి కాలువలోకి తోశాం. నాతో ఎక్కినవాళ్ళు మిగిలారు. ఆగినవాళ్ళ ఇళ్ళకు కబురు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మీ నాన్న "నేను వద్దంటానా" అని ఏడ్చాడు. నాకు ఆ మాట కూడా లేదు. నేను రాసి మరీ వద్దన్నాను. మన ఊరి కబురు ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు. నా పెళ్ళాం నా మాట వినకుండా ఉండాలి అల్లా, అని ప్రతి నమాజులోనూ అడుగుతున్నాను.

కవరు మీద ఇంటి చిరునామా రాయడానికి చేయి రాలేదు. షెల్టర్ పేరు రాశాను. అక్కడే ఉండి అందుకో.

కెరామత్