పెరట్లో నడిచి కుమ్హారిలో ఆగిపోయే ఇంజను విషయమై నేను రాసుకున్న వీలునామా

భిలాయి సెక్టర్ 6 కంపెనీ క్వార్టరులో ఉంటున్న నేను, పొట్నూరు తిరుమలరావు, కీర్తిశేషులు అప్పలస్వామి గారి కొడుకుని, వయసు డెబ్బై రెండు, స్టీల్ ప్లాంటు మెషిన్ షాపులో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఈ కాగితం నా చేత్తో నేనే రాస్తున్నాను. తల నిలకడగా ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బుజ్జగించలేదు. చెయ్యి కొంచెం వణుకుతుంది గాని అది సంతకం దగ్గరే. కార్బురేటర్ సూది దగ్గర వణకదు. నా చదువు ఊరి బడి చదువు. తప్పులుంటే అర్థం తీసుకోవాలి, తప్పులు ఏరకూడదు.

వచ్చే వారం నాకు హెర్నియా ఆపరేషను. చిన్నదే అన్నాడు డాక్టరు. ఆ కబురు తెలియగానే మా అబ్బాయి రాజాబాబు రాయపూర్ నుంచి ఫోన్ చేసి, "నాన్నా, టెన్షన్ మత్ లో. వో ఇంజన్ కిధర్ రఖా హై?" అన్నాడు. బెంగ పెట్టుకోవద్దని ఒక మాట, ఇంజను ఎక్కడ పెట్టావని ఇంకో మాట. సాయంత్రం మా ఆవిడ అన్నగారు భుజంగరావు బావ వచ్చి, పళ్లు ఇచ్చి, ఇంజను చూసి వెళ్లారు. మర్నాడు నా స్నేహితుడు గోవిందరావు వచ్చి, పళ్లు ఇవ్వకుండా చూసి వెళ్లాడు. మా ఆవిడ వనజాక్షి తలుపు వేసి వచ్చి, "మీరు ఆపరేషన్ బల్ల ఎక్కండి, నాను తుక్కు కొనే కబాడీవోడికి ఫోన్ సేత్తాను. అప్పుడు అందరికీ సమానం" అంది.

నోటితో జవాబు చెప్పడం నాకు రాదు. అందుకని రాస్తున్నాను.

1. క్వార్టరు కంపెనీది. అది ఎవరికీ రాయలేను. బ్యాంకులో ఉన్నదీ, పలాస దగ్గర జీడితోటలో నా భాగమూ నా భార్య వనజాక్షికి సర్వహక్కులతో చెందవలెను. ఇందులో ఎవరికీ తగువు లేదు. ఇక మీదట రాసేదంతా తగువు ఉన్న ఆస్తి గురించే.

2. తగువు ఉన్న ఆస్తి వివరం. బొమ్మ పందెం పడవ ఒకటి, మూరన్నర పొడవు. దాని వెనక బయటికి వేలాడుతూ ఇంజను ఒకటి. ఈ ఇంజను పడవ కోసం పుట్టింది కాదు, రిమోటుతో నడిచే బొమ్మ కారుది. కారు గాలిలో పరిగెడుతుంది కాబట్టి దాని ఇంజను గాలికి చల్లబడుతుంది. పడవకి అది చాలదు. అందుకని దాని రెక్కల తల తీసేసి, నీళ్లు తిరిగే అల్యూమినియం టోపీ పెట్టాను. కింద పంకా చిమ్మే నీరే సన్న గొట్టంలో పైకి వచ్చి, టోపీ చుట్టి, పక్కనుంచి పడిపోతుంది. కారులో ఇరుసు పడుకుంటుంది, సిలిండరు నిలబడుతుంది. పడవలో ఇరుసు కిందికి దిగాలి, సిలిండరు పడుకోవాలి. ఇంజను దానికి అలవాటు పడడానికి ఒక చలికాలం పట్టింది, నాకు రెండు. క్లచ్చి తీసేశాను. కారు అయితే ఆగి ఆలోచించుకోవచ్చు. పడవకి ఆ వీలు లేదు, స్టార్టు అయితే పంకా తిరగాల్సిందే. తాగేది మిథనాల్, ఆముదం కలిపిన మందు. వాసన ఈ వీధికి తెలుసు.

హద్దులు: ముందు పడవ, వెనక పొగ, కింద నీళ్లు, పైన మా వంటింటి కిటికీ.

ఈ ఆస్తి మీద ఉన్న చిక్కు కూడా దాచకుండా రాయాలి. పెరట్లో నీళ్ల డ్రమ్ముకి తగిలించి నడిపితే ఇది మందు అయిపోయేదాకా ఆడుతుంది. వానలు తగ్గాక ఏటా కుమ్హారి చెరువులో జరిగే పందేనికి తీసుకెళ్తే ఒకటిన్నర చుట్టు తిరిగి నడి చెరువులో ఆగిపోతుంది. ప్రతి ఏడూ ఇంతే. మైకు పట్టుకున్నాయన, "భిలాయి వాలే అంకల్, అప్నీ నావ్ లే జాయియే" అని నా పడవ నన్ను తీసుకుపొమ్మంటాడు. నేను లారీ ట్యూబు మీద వెళ్లి తెచ్చుకుంటాను. జనం చప్పట్లు కొడతారు. గెలిచిన పడవకి కూడా అన్ని చప్పట్లు పడవు.

3. మా అబ్బాయి రాజాబాబుకి: బొమ్మ కారు, నాలుగు చక్రాలతో. ఇంజను ఆ కారులోదే కాబట్టి తనదే అని అతని వాదన. కారు కొన్న మొదటి ఆదివారమే మన వీధి కల్వర్టుకి కొట్టి, ముక్కలు నా చేతిలో పెట్టి, "లే లో నాన్నా, కబాడ్ హో గయా" అని తుక్కు కింద ఇచ్చేసింది అతనే. ఆ ముక్కలు ఒక్కటీ పారెయ్యలేదు, అతికించి ఉంచాను. తోస్తే కదులుతుంది. చిన్నప్పుడు కూడా అతనికి నడిచే బొమ్మ కంటే తోసే బొమ్మే ఇష్టం. ఇది కోపంతో రాసింది కాదు.

4. మా బావ భుజంగరావుకి: పాత పిస్టను, దాని లైనరుతో సహా. ఆయన రైల్వేలో చేశారు, చాలా భక్తులు. మూడేళ్ల కిందట విశ్వకర్మ పూజ నాడు మా ఇంటికి వచ్చి, పనిముట్లన్నిటికీ పూజ చేసి, ఇంజను దగ్గరికి వచ్చి, దానికి బొట్టు పెట్టడానికి నుదురు ఎక్కడో తెలియక, తెరుచుకుని కనబడిన కార్బురేటర్ నోట్లో కుంకం పెట్టారు. తరవాత అక్షింతలు వేశారు. గింజ ఒకటి లోపలికి పోయింది. స్టార్టు తాడు లాగగానే పిస్టను పట్టేసింది. నేను పిస్టను బయటికి తీసి గీతలు చూపిస్తే, "దేవుడేటి సేత్తాడు బావా, నీ ఇంజన్లోనే లోపం ఉంది" అన్నారు. ఆ పిస్టను మీద కుంకం ఇంకా ఉంది, తుడవలేదు. ఆయన పూజగదిలో పెట్టుకోవచ్చు. కుమ్హారిలో ఆగిపోవడానికి కారణం ఆ ఏడు పూజ సరిగా జరగకపోవడమే అని ఆయన ఇప్పటికీ అందరికీ చెప్తారు. అంతకు ముందు ఏళ్లలో ఎందుకు ఆగిందో ఆయన్ని ఎవరైనా అడగగలరు. నేను అడగలేను, ఆడపడుచు మొగుణ్ణి.

5. హథ్‌ఖోజ్‌లో లేతు షెడ్డు ఉన్న గోవిందరావుకి: మొదటి టోపీ, నీళ్లు కారేది. టోపీలు రెండూ అతనే లేతు మీద తీశాడు, పని మంచిది. కాని రెండింటి మీదా తన షెడ్డు ముద్ర 'జి.ఆర్.' కొట్టాడు. కుమ్హారిలో మైకాయన పడవకి పేరేమిటని వంగి చూసి, ఆ ముద్ర చదివి, "అగ్లీ నావ్, జీ.ఆర్. సాబ్ కీ" అని, తరవాతి పడవ జి.ఆర్. గారిదని చెరువంతా చెప్పాడు. గోవిందరావు లేచి చెయ్యి ఊపాడు. పడవ ఆగిపోయాక మాత్రం, "ఓ తిరుమల్ భయ్యా, నీ పడవ ఆగిపోనాది, సూడు" అని నన్ను పిలిచాడు. కారే టోపీ పూర్తిగా అతనిదే అని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.

6. నాగపూర్‌లో ఉన్న మా అమ్మాయి మధులతకి: నా వెర్నియర్ కాలిపర్, ముఖమల్ పెట్టెతో. చిన్నప్పుడు దాంతో వాళ్లమ్మ చేసిన పూరీల మందం కొలిచి, "అమ్మా, యే రిజెక్ట్ హై" అని పక్కన పెట్టేది. రిజెక్ట్ అయినవి నేను తినేవాణ్ణి. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత ఆమెదే. మా ఇంట్లో నా తరపున మాట్లాడేది ఎప్పుడూ ఆమే.

7. <s>ఇంజను, పడవ, రిమోటు.

ఇక్కడికి వచ్చేసరికి కలం ఆగింది. రాజాబాబుకి ఇస్తే షోకేసులో పెడతాడు. బావకి ఇస్తే పటాల పక్కన పెడతారు. గోవిందరావుకి ఇస్తే ఇంకో ముద్ర కొడతాడు. ఎవరూ తాడు లాగరు. నేను పోవడం గురించి నాకు పెద్ద బెంగ లేదు, డాక్టరు చిన్నదే అన్నాడు కదా. ఇంజను ఆడకుండా ఉండిపోతుందేమో అన్నదే బెంగ.

ఇంతలో మొన్న ఒకటి జరిగింది. వనజాక్షి గుడికి వెళ్లింది. నేను పెరట్లో ఇంజను స్టార్టు చేశాను. కాసేపు ఆడి ఆగిపోయింది. మళ్లీ లాగాను, మళ్లీ ఆగింది. అచ్చం కుమ్హారిలో లాగ. పెరట్లో ఎప్పుడూ ఇలా జరగలేదు. మందు అదే, సూది అదే, డ్రమ్ము అదే. చుట్టూ చూశాను. వంటింటి కిటికీ మూసి ఉంది.

నేను ఇంజను నడిపినప్పుడల్లా ఆ కిటికీలోంచి ఒక మాట వస్తుంది. "దానికి ఆకలేత్తంది, ఏడుత్తంది సూడండి" అంటుంది. నేను సూది కొంచెం వదులుతాను, మందు ఎక్కువ వెళ్తుంది. "అజీర్తి సేసింది, ఆ పొగ ఏటి?" అంటుంది. నేను కొంచెం బిగిస్తాను. ఇన్నేళ్లూ అది నన్ను తిట్టడం అనుకున్నాను. నా చెయ్యి మాత్రం ఆ మాట ప్రకారమే తిరుగుతూ వచ్చింది. మెషిన్ షాపు హోరులో నా చెవులు సగం పోయాయి. ఇంజను సన్నగా ఏడవడం మొదలుపెట్టేది నాకు వినబడదు, ఆమెకి పోపు చిటపటలో కూడా వినబడుతుంది. కుమ్హారిలో గట్టు మీదే సూది సరిచేసి పడవ వదలాలి, అక్కడ ఆ కిటికీ లేదు.

కుమ్హారికి నేను అన్నీ తీసుకెళ్తాను. మందు, తాడు, రెంచీలు, ట్యూబు, పులిహోర. పులిహోర చేసిన మనిషిని తీసుకెళ్లలేదు. వస్తావా అని అడగలేదు. పెళ్లయిన కొత్తలో సినిమాకి వస్తావా అని అడగడానికే మూడు వారాలు పట్టింది, అప్పటికి సినిమా మారిపోయింది.

కాబట్టి నా తదనంతరం సదరు ఇంజను, పడవ, రిమోటు, మిగిలిన మందుతో సహా నా భార్య వనజాక్షికి చెందవలెను. ఆమె కబాడీకి వేసినా అడిగే హక్కు ఎవరికీ లేదు. వేసే ముందు ఒకసారి తాడు లాగి, అది ఏమంటోందో వినాలని నా మనవి.</s>

8. ఏడో అంశం ఎందుకు కొట్టివేసి ఉందో చెప్పాలి. అది రాసి, కాగితాలు బల్ల మీద పెట్టి, మజ్జిగ తాగడానికి లేచాను. వచ్చేసరికి వనజాక్షి కళ్లజోడు పెట్టుకుని చదువుతోంది. మొదటినుంచి కాదు, ఏడోదే. చదివి, కళ్లజోడు తీసి, నా వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ అంది: "సచ్చిపోనాక ఇత్తారేటండీ? అప్పుడు నాను ఆకలేత్తంది అంటే సూది ఎవులు తిప్పుతారు, మా మావగారా? నాకొద్దు. ఇత్తే ఇప్పుడే ఇవ్వండి. ఆదోరం కుమ్హారి నాను వత్తాను. పులిహోర మీరు సెయ్యండి."

నేను అల్మరాలోంచి రిమోటు తీసి ఆమె చేతిలో పెట్టాను. దాన్ని తల్లకిందులుగా పట్టుకుంది. తిప్పి ఇచ్చాను.

కాబట్టి ఈ రోజు నుంచి, నేను బతికి ఉండగానే, ఇంజను ఆమెది. ఇచ్చేసిన వస్తువుని వీలునామాలో మళ్లీ ఇవ్వడం చెల్లదు కనుక ఏడో అంశం రద్దు చేశాను. కాగితం చింపి కొత్తది రాద్దామనుకుంటే ఆమె ఒప్పుకోలేదు. ఒక్క గీతే పెట్టండి, అక్షరాలు కనబడాలి అంది.

రాజాబాబు, భుజంగరావు బావ, గోవిందరావు ఇక మీదట ఇంజను గురించి నన్ను అడగనక్కరలేదు. ఓనరుని అడగాలి. ఆమె వంటింట్లో ఉంటుంది, ఆదివారం ఉండదు.

భిలాయి, 2025 నవంబరు 14, శుక్రవారం.

(సంతకం) పొట్నూరు తిరుమలరావు

సాక్షులు:
1. సూర్యప్రకాష్, పై అంతస్తు క్వార్టరు. ఇంజను మోత రోజూ వింటున్నవాణ్ణి.
2. కృష్ణమోహన్, రిటైర్డ్, మెషిన్ షాపు.

కొట్టివేత ఒకటి: ఏడో అంశం, ఒక్క గీతతో, చదవడానికి వీలుగా. మా ఇద్దరి ఎదుట జరిగింది. గీత గీసింది ఆయన, స్కేలు పట్టుకున్నది ఆవిడ.