నాన్న కొన్న హెయిర్ డ్రయ్యర్

నాన్నా, నిన్న నీకు అబద్ధం చెప్పాను. నలుగురిచేత కొనిపించమని ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ నాకిచ్చిన లింకు మీద నువ్వు హెయిర్ డ్రయ్యర్ కొన్నంతమాత్రాన నా కమిషన్ పెరగదు. ఇంట్లోవాళ్లు కొన్నవి లెక్కలోకి రావు. కంపెనీవాళ్లు పసిగడితే నా అకౌంటే మూసేస్తారు. నీ మొహం వెలిగిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు.

నీ ఫోన్‌లోంచి వాపసు పెట్టేశాను. డబ్బా గుమ్మం పక్కన ఉంది. కొరియర్ అతను వస్తే ఇచ్చెయ్యి, విప్పి చూడకు.

ఈ నెల వంద అమ్మకాలు దాటితే కమిషన్ రెట్టింపవుతుంది. ఇంకా నాలుగు కావాలి, రాత్రిదాకా టైముంది. దాటినా డబ్బులు చేతికొచ్చేది రెండు నెలల తర్వాతే, కొన్నవాళ్ల వాపసు గడువు అయ్యాక. అప్పటిదాకా అద్దె నువ్వే కట్టు, తిట్టుకోకు.

అన్నట్టు, వాపసు కారణం అడిగితే "కొన్నాయనకి జుట్టు లేదు" అని రాశాను. అసలు ఏ ధైర్యంతో కొన్నావో సాయంత్రం నేనొచ్చాక చెప్పు.