డబ్బా మోగేదాకా

దుఖాన్ క్యాంప్, శుక్రవారం.

బామ్మర్ది పోశన్నకు మీ బావ లింబాద్రి రాసేది. నాకు దగ్గు తగ్గింది, అత్తమ్మను దిగులుపడొద్దని చెప్పు.

ఈరోజు డ్యూటీ లేదు. మన ఆర్మూరు ఖుత్బుద్దీన్‌తో ఎడారిలోకి పోయాను. అక్కడ పైపులైన్‌కు కాపలా ఉండే అరబ్బు ముసలాయన వాళ్ల తాత నాటి తుపాకి చూపించాడు. కిందున్న పిడిని గుంజితే అది నోరు తెరుస్తుంది, తూటా పెట్టి పిడిని పైకి నొక్కితే మూసుకుంటుంది. దూరాన బండ మీద ఖాళీ నూనె డబ్బా, కంటికి మినపగింజంత. ఆయన దాన్ని వదిలి పైన ఉత్త ఆకాశానికి గురిపెట్టాడు. నాకు నవ్వొచ్చింది.

"నవ్వకు లింబన్నా, గంత దూరం పోయేసరికి గుండు కిందికి దిగుతదట" అన్నాడు ఖుత్బుద్దీన్.

పేల్చాడు. ఏమీ కాలేదు. ముసలాయన వేలెత్తి, ఓపిక పట్టమని "సబర్" అన్నాడు. అంతలో డబ్బా బండ మీద నుంచి ఎగిరిపడింది. చప్పుడు మాత్రం లేదు. ఊపిరి బిగబట్టి చూస్తుంటే అప్పుడు వినబడింది, ఠంగుమని! చూడు పోశన్నా, జరగాల్సింది అక్కడ జరిగిపోయింది, మోత మా దాకా తర్వాత వచ్చింది.

బాయి మోటరు బాగైందా? వచ్చేవాళ్లతో ఇంత చింతకాయ తొక్కు పంపండి.

మీ అక్క బాలవ్వకు నెలలు నిండాయి కదా. ఈపాటికి కాన్పు అయ్యే ఉంటుంది, బిడ్డ ఏడుపే నా దాకా రాలేదు. ఆడపిల్లైనా మగపిల్లాడైనా నా దీవెన. ముందు మీ అక్క ఎట్లున్నదో రాయి. నేనిక్కడ చెవులు రిక్కించుకుని ఉన్నాను.