మొహమాటం లేని పదిహేను రోజులు

జూలై 1, ఉదయం 6.10
ఈరోజు నుంచి పదిహేను రోజులు మొహమాటం బంద్! కుంచెగూడు అనే బొమ్మల యాప్‌కి నన్ను పరిశీలకుడిగా పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లు సిద్దిపేట బడుల్లో డ్రాయింగ్ సారుగా చేశాను, నాకు కాక ఇంకెవరికి దక్కాలి! నిషేధాలు నాలుగే: రక్తం, తాగుడు, తిట్లు, ఇతరుల బొమ్మకు కాపీ. నా ఒట్టు: చుట్టాలదైనా తీసేస్తాను. తీసేసింది తిరిగి పెట్టను.
సాయంత్రం: పదకొండు తీసేశాను. ప్రాణం హాయిగా ఉంది.

జూలై 2
బోనాల పొట్టేలు బొమ్మ మీద ఫిర్యాదు. నెత్తురట! దగ్గరగా చూస్తే కుంకుమ. వివరణ పెట్టాను: కుంకుమ నెత్తురు కాదు.
11.40. తాటిచెట్టుకు కట్టిన కల్లు లొట్టి బొమ్మ. వివరణ: లొట్టి ఉండవచ్చు, తాగరాదు. వెంటనే ఎవరో అడిగారు, నురుగు మూతికి అంటితే? వివరణకు వివరణ: అంటితే తాగినట్టే.
స్పష్టత అంటే ఇదీ!

జూలై 4
మా అక్క కొండవ్వ బొమ్మ వచ్చింది. మనవరాలు రమ్య ఫొటో తీసి పెట్టిందట. గళ్ల కాగితం మీద గొల్లభామ, నెత్తిన కుండ, వెనక దూడ. అచ్చం ఇదే బొమ్మ బట్టల షాపు ఓంప్రకాశ్ మొన్ననే పెట్టాడు. వెనక వచ్చింది కాపీ. తీసేశాను. మళ్లీ తెరిచి చూడలేదు.
ఒక్కసారి చూశాను.

జూలై 5
అక్క ఫోన్.
"గొల్లభామ ఓంప్రకాశ్ తాత జాగీరారా? నలభై ఏండ్లు మగ్గానికి బొమ్మలు గీసిన. ఒక్క చీర మీదనన్న నా పేరుందా? గీడనన్న పడుతదనుకున్న."
పెట్టేసింది. నియమం నియమమే అని గట్టిగా చెప్పాను, ఆమె పెట్టేశాక.

జూలై 7
మా ఆవిడ సుచిత్ర కూడా మా అక్క పక్షం చేరింది. చాయ్ అడిగితే, "నిన్నటి లెక్కనే ఉంటది. కాపీ అయితదేమో!" అంది.
ఈరోజు యాప్ తెరవలేదు. కళ్లు మంట. కళ్లు మండితే ఒట్టు తప్పినట్టు కాదు.

జూలై 8, మధ్యాహ్నం
ఉండబట్టలేక రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింట్లోనూ దూడకు మూడే కాళ్లు! అక్క ఇంటికి పరుగెత్తాను.
"గా చీరకు గీసినప్పుడు నాలుగో కాలుకు గళ్లు సాలలే తమ్మీ. మస్తు తిప్పలు పడి ఇడిసిపెట్టిన," అంది.
ఓంప్రకాశ్‌కి ఫోన్ చేశాను.
"షాపుల చీర మీద చూసి గీసిన దత్తాత్రి సారూ. మూడు కాళ్లెందుకో నాగ్గూడ సమజ్‌గాలే!"
అసలును తీసేసి కాపీని నిలబెట్టాను! సిగ్గుతో చచ్చిపోయాను. ఓంప్రకాశ్ తన బొమ్మ తనే తీసేసుకున్నాడు. ఒట్టు గట్టున పెట్టి అక్క బొమ్మ తిరిగి పెట్టాను. కింద పేరు రాశాను: కొండవ్వ, సిద్దిపేట.
"గట్టిగ సదువురా ఒక్కసారి," అంది అక్క. మూడుసార్లు చదివించుకుంది.

జూలై 9, ఉదయం 6.00
మళ్లీ మొదటి రోజు! పదిహేను రోజులు మొహమాటం బంద్. కొత్త వివరణ: ముందు పెట్టిందెవరని కాదు, ముందు గీసిందెవరని అడగాలి.
6.20. తొలి ఫిర్యాదు. పంపినవారు కొండవ్వ. రమ్యతో టైపు చేయించినట్టుంది.
"గీ జలపాతం కిరాణం క్యాలెండర్ల చూసి గీసిండు. గా క్యాలెండర్ మా ఇంట్ల నుంచే పట్కపోయిండు, ఇంక తేలే."
బొమ్మ తెరిచాను. కింద పేరు: దత్తాత్రి. అంటే నేనే.
డెబ్బై నాలుగు లైకులతో సహా తీసేశాను.