చుట్టానికి వేసిన కుర్చీ

అక్కకి చెల్లెలి నమస్కారాలు.

ఈసారి నా అక్షరాలు వంకర పోలేదు, చూశావా? మూడు వారాలుగా దుప్పటి తగిలినా ఓర్చుకోలేని ఒళ్ళు నిన్న పొద్దున్నుంచి దూదిలా తేలికైపోయింది. సంతోషించాల్సింది పోయి భయమేస్తోంది.

డాక్టరు చెప్పిన ఫైబ్రోమయాల్జియా అనే పేరుకి పాప నోరు తిరగదని, నొప్పులు ఎక్కువైన రోజున "చుట్టం వచ్చింది, గోల చెయ్యకు" అనేదాన్ని. చుట్టాలకి మర్యాద చెయ్యాలని నేర్పింది కూడా నేనే కదా! అది కుట్టుమిషను పక్కన కుర్చీ వేసి, గ్లాసుతో మంచినీళ్ళు పెట్టేది. పది నిమిషాలు కుట్టి, పది నిమిషాలు వేన్నీళ్ళ సంచి మీద వాలే నాకు నవ్వొచ్చేది. చుట్టం చూపుగా వచ్చి ఇన్నాళ్ళు పాతుకుపోతారా అని వేళాకోళమాడేదాన్ని. గ్లాసు ఖాళీ అయితే పాపే తాగిందనుకున్నాను.

నిన్న అది కుర్చీ లోపల పెట్టేస్తుంటే, "ఏమే, ఇవాళ వెయ్యవా?" అన్నాను.

"వెళ్ళిపోయారమ్మా. పెద్దమ్మ ఇంటికి దారి అడిగారు. నాకు తెలీదుగా, పెద్దమ్మ రాసిన కార్డు ఇచ్చేశాను."

గోడకి గుచ్చిన నీ కార్డు నిజంగానే లేదక్కా. మంచం కింద, గుడ్డపేలికల సంచిలో, అంతా వెతికాను. ఈ అడ్రసు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

అన్నట్టు, మిషను సూదులు పదహారో నంబరువి ఇక్కడ దొరకట్లేదు, పంపు. బావగారి దగ్గు తగ్గిందా? పిల్లలకి దీవెనలు.

గుమ్మంలోకి కొత్తవాళ్ళెవరొచ్చినా కుర్చీ వెయ్యకు. జవాబు బావగారి చేత రాయించకు, నీ చేత్తోనే రాయి. నీ అక్షరాలు తిన్నగా ఉన్నాయో లేదో నేను చూడాలి.