తడి పలకల మీద వెలుగు

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ ఇంట్లో నేటి నుంచి ఉప్మా నిషేధం. వండినవానికే మింగుడు పడనందున ఈ ఆజ్ఞ తక్షణం అమల్లోకి వచ్చింది. పెడితే మేక కూడా మూతి తిప్పుకున్నది.

ప్రియమైన ఎలీషబాకు ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేనూ మేకా బాగుండాము. కొమరోలులో నువ్వూ, మేరీ అక్కా, బావా బాగుండారని తలుస్తా. నువ్వు ఫోను మంచం మీద విసిరేసి పోతివి. అక్క ఫోనుకు చేస్తే నీతో మాట్లాడదంట అంటాది. అందుకే ఈ జాబు. పదో తరగతి తప్పినోడి రాత, ఓర్చుకొని చదువు.

నువ్వు పంపిన చీటీలో అడిగినవాటికి జవాబులు. మేక పాలిస్తాంది గానీ నీకిచ్చినన్ని నాకియ్యదు, అది కూడా నీ పక్షమే. బియ్యం డబ్బాకు మూత పెడతానే ఉండా. ఇంక ఆఖర్న, గని మీద ఆ వెలుగు నువ్వు తమాషాకు చేసిందేనా అని అడిగినావు. కాదు. కోడిపిల్లకు రంగేసి నెమలిపిల్ల అని మన పక్కింటి దావీదుకు అంటగట్టింది నేనే. పాస్టరమ్మ చెప్పులో కప్పను పెట్టింది నేనే. ఇది మాత్రం నేను కాదు.

ఆ ఆదివారం నువ్వు చర్చిలో సాక్ష్యం చెప్పను లేచి, పలకల గని మీద పళ్లెమంత వెలుగు చూసినా, ఫోటో తీసినా అంటివి. వెనక నుంచి నేను పక్కున నవ్వితి. నేను నవ్వేసరికి ఇది కూడా సీమోను తమాషానే అనుకొని చర్చి అంతా నవ్వింది. నీ మొగం చూసి నా నవ్వు ఆగిపోయింది, వాళ్లది ఆగలేదు. స్త్రీల కూటంలో నువ్వు నడిపే ప్రార్థన సుబ్బరత్నమ్మకు ఇచ్చేసిరి. నువ్వు పోయింది దానికేనని నాకు తెలుసు.

అందుకని నీ ఫోను తీసుకొని మార్కాపురం పోయినా. అక్కడ స్టూడియోలో జీవన్ కుమార్ అని, పెళ్లి ఫోటోల్లో మొటిమలు మాయం చేసే మొనగాడు. ఊరంతా ఫోన్లలో తిరిగిన ఫోటో వద్దు, అది చేతులు మారి మసకబారింది, ఫోనులో ఉండే అసలుది చూపించు అన్నాడు. నువ్వు వరసగా మూడు తీసినావు. కెమెరా అద్దం మీది మరకయితే మూడింట్లోనూ ఒక్క చోటే ఉండాల, ఈ వెలుగు చోటు మారింది. ఒకదాంట్లో వెలుగు వేపకొమ్మ వెనక్కి పోయింది, ఆకులు అడ్డమొచ్చినాయి. అసలు సంగతి ఫోటోలో కిందుంది. ఆ సాయంత్రం వాన పడి, గని పక్కన పారేసిన పలకల కుప్ప తడిసి ఉండాది కదా. ఆ తడి పలకల మీద అదే వెలుగు, ముక్కలు ముక్కలుగా. పైన వెలుగు జరిగితే కింద ముక్కలూ జరిగినాయి. దొంగ ఫోటో చేసేవాడు ఆకాశంలో అంటించి ఊరుకుంటాడు గానీ, పలక పలకకూ వెలుగు పూస్తాడా?

"ఫోటో నిజం. అదేందో మాత్రం నాకు తెలీదు" అన్నాడు.

మొన్న ఆదివారం సాక్ష్యానికి నేనే లేచినా. లేస్తానే జనం నవ్వను నోళ్లు సర్దుకున్నారు. ఫోను పాస్టరు చేతికిచ్చి, ఏమేమి చూడాలో చెప్పి, ఎలీషబా చూసింది చూసినట్టు చెప్పింది, నవ్వింది నా తప్పు అన్నా. ఒక్కరూ నవ్వలేదు. దావీదు ఫోటో పెద్దది చేసుకొని శానాసేపు చూసి, "ఔను, పలకల మీద ఉండాది" అన్నాడు. వచ్చే కూటం ఎలీషబానే నడపాలని సుబ్బరత్నమ్మ తనే చెప్పింది.

ఇంక ఒకటి దాచినా. జీవన్ కుమార్ అనేవాడు లేడు. నేను మార్కాపురం పోనేలేదు. చర్చిలో వాని పేరెత్తలేదు, ఈ జాబులోనే పుట్టించినా. నా మాటంటే నువ్వు నమ్మవు, నువ్వు నమ్మే మనిషి ఒకడు కావాల్సి వచ్చినాడు. ఇన్నేండ్లు జనాన్ని ఏమార్చినోన్ని, దొంగపని ఎట్లుంటాదో నాకు తెలీదా? నీ ఫోటోలు ముందరేసుకొని కండ్లు నీళ్లు కారేదాకా చూసింది నేనే.

ఇట్లు,
నువ్వు నమ్మినా నమ్మకపోయినా నీ ఇంటాయన,
సీమోను